పసుపు గదిలో నాలుగు రోజులు

రంగులాయనకి భయమంటే తెలియదని ఆ వీధిలో అందరూ చెప్పుకునేవారు. నాలుగంతస్తుల మేడ బయటి గోడలకి రంగు వేస్తున్నప్పుడు నడుముకి ఒక తాడు, చేతిలో ఒక డబ్బా, నోట్లో ఒక కూనిరాగం, అంతే. కింద నిలబడి చూసేవాళ్లకి కళ్లు తిరిగేవి కానీ ఆయనకి తిరిగేవి కావు. అలాంటి మనిషి, పెళ్లయిన ఏడేళ్లకి పుట్టిన కూతుర్ని ఎత్తుకోమంటే ఆసుపత్రి మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నర్సు పాపని ముందుకి చాపితే ఒక అడుగు వెనక్కి కూడా వేశాడు.

"నా చేతులు గరుకండీ" అన్నాడు.

అబద్ధం కాదు. ఇరవై ఏళ్లుగా గోడలకి లప్పం పెట్టి, అది ఎండాక గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఆ అరచేతులు కూడా సగం గరుకు కాగితమైపోయాయి. కానీ అసలు సంగతి అది కాదు. రెండుంబావు కిలోల ప్రాణి ఎక్కడ చేతుల్లోంచి జారిపోతుందోనని ఆయనకి గుండెల్లో రాయి పడింది. ఆ రాయి తర్వాత చాలా రోజులు అక్కడే ఉంది.

రెండో రోజు ఇంటికి పంపేస్తూ నర్సు గబగబా జాగ్రత్తలు చెప్పింది. రంగులాయన గోడల కొలతలు రాసుకునే చిన్న పుస్తకం జేబులోంచి తీసి, ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాడు. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకూడదు. చలి తగలనివ్వకూడదు. బొడ్డు తడవకూడదు. రెండు మూడు గంటలకోసారి పాలు పట్టాలి, నిద్రపోతుంటే లేపైనా సరే. జ్వరం వచ్చినా, పాలు మానేసినా, ఒంటి రంగు మారినా వెంటనే తీసుకురావాలి. ఆ ఆఖరి మాట రాసుకునేటప్పుడు మాత్రం ఆయనకి కాస్త ఊపిరి ఆడింది. జ్వరాలూ పాలూ సంగతేమో గానీ, రంగు సంగతి తను చూసుకోగలడు.

పాప కోసం గది ఎప్పుడో సిద్ధమైంది. భార్యకి ఏడో నెల వచ్చినప్పుడే వాసన లేని రంగు ఏరి తెచ్చి, డబ్బాలో తనే చుక్క చుక్క కలిపి, నాలుగు గోడలకీ, ఆఖరికి పైకప్పుకి కూడా మూడు పూతలు వేశాడు. లేత పసుపు. పొద్దున్న ఎండ కిటికీలోంచి పడితే గది మొత్తం వెలిగేది. తెల్లరంగు చాలని భార్య అంటే, "తెలుపు ఆసుపత్రిలో చూస్తుంది కదా, ఇంటికొచ్చాక కూడా తెలుపేనా" అన్నాడు. ఆమె కూడా రంగులతో బతికే మనిషే. పెద్ద కుట్టుదుకాణంలో గుడ్డకి సరిపోయే దారం ఏరి ఇవ్వడం ఆమె పని. పన్నెండేళ్లుగా ఒక్క గుడ్డా వెనక్కి రాలేదు. కానీ ఇంట్లో రంగు మాట వస్తే అది మొగుడి శాఖ అని వదిలేసేది.

ఇంటికొచ్చిన మొదటి గంటలోనే రంగులాయన ఇంట్లో కొత్త చట్టాలు పెట్టాడు. ఆ గదిలోకి ఎవరూ చెప్పులతో రాకూడదు. బయటి గాలి తగులుతుంది కాబట్టి పాపని గది దాటించకూడదు. కిటికీ తలుపు ఒకటే తియ్యాలి, దానికి కూడా తెర ఉండాలి. పక్కింటావిడ చూడ్డానికొస్తే గుమ్మం బయట నిలబెట్టి, అక్కణ్నుంచే చూపించి పంపించేశాడు. ఆవిడ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. సాయానికి వచ్చిన అత్తగారు ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి. ఆవిడ చేతులు కడుక్కుని వస్తే, సబ్బు పెట్టారా లేదా అని ఈయన అడిగేవాడు. "పెట్టాను బాబూ, కావాలంటే వాసన చూడండి" అని ఆవిడ చెయ్యి ముక్కు దగ్గర పెట్టేది.

ఎత్తుకోవడం లేదన్న మాటే గానీ, పాప మంచాన్ని వదిలి ఆయన కదిలిందీ లేదు. అరచెయ్యి తిరగేసి ముక్కు దగ్గర పెట్టి ఊపిరి తగులుతోందా అని చూసేవాడు. తగిలేది. ఒక నిమిషం ఆగి మళ్లీ చూసేవాడు. ఊపిరి మధ్యలో ఒక్క క్షణం ఆగితే ఈయన ఊపిరి కూడా ఆగిపోయేది. ఒకసారి పాప నడినెత్తిన చర్మం కింద ఏదో టపటపా కొట్టుకోవడం చూసి పైప్రాణాలు పైనే పోయాయి.

"అత్తయ్యగారూ, ఇక్కడేదో కొట్టుకుంటోంది" అన్నాడు.

"అది మాడు బాబూ. పుట్టినప్పుడు అందరికీ అలాగే ఉంటుంది. మీకూ కొట్టుకునే ఉంటుంది, తర్వాత గట్టిపడింది" అందావిడ నిమ్మళంగా.

లోపల పడుకున్న భార్య నవ్వింది. ఆయనకి మాత్రం నవ్వు రాలేదు.

మూడో రోజు పొద్దున, పాపకి బట్ట మారుస్తూ భార్య అలాగే చూస్తూ కూర్చుండిపోయింది.

"ఏమండీ, పాప ఒళ్లు కాస్త పసుపుగా లేదూ?"

రంగులాయన వంగి చూశాడు. ఉంది. వెంటనే చుట్టూ గోడలు చూశాడు. చూసి నవ్వాడు. రెండు రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు రావడం అదే.

"పిచ్చిదానా, అది పాప రంగు కాదు. గోడ రంగు. నాలుగు గోడలూ, పైకప్పూ ఒకటే రంగు వేస్తే అది మనిషి మీద పడుతుంది. మా పనిలో ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు." అలమరలోంచి ఉతికిన తెల్ల తువాలు తీసి పాప పక్కన పరిచాడు. "ఇదిగో, ఈ తువాలు ఏ రంగులో ఉంది?"

భార్య చూసింది. తువాలు కూడా లేత పసుపుగానే కనిపించింది.

"మరి తువాలుకి జబ్బు చేసిందా? ఇంకా నమ్మకం కుదరకపోతే మీ అమ్మ జుట్టు చూడు."

అత్తగారు తల తడుముకుని, "నా జుట్టుకేమొచ్చింది" అంది. నిజంగానే ఆవిడ నెరిసిన జుట్టంతా పసుపు చాయలో మెరుస్తోంది. ముగ్గురూ నవ్వుకున్నారు. "అల్లుడు ఊరంతటికీ రంగులు వేస్తాడు, ఆ మాత్రం తెలీదుటే" అని ఆవిడ కూతురికి సర్దిచెప్పింది. భార్య తువాలు వంకా పాప వంకా ఇంకోసారి చూసి, సరేనన్నట్టు పాపని గుడ్డలో చుట్టింది.

అక్కడే కొంప మునిగింది. తువాలు పసుపుగా ఉన్నమాట నిజం, జుట్టు పసుపుగా ఉన్నమాట నిజం, గోడ రంగు మనిషి మీద పడుతుందన్నదీ నిజమే. ఇన్ని నిజాల వెనక పాప ఒంట్లో పసుపు హాయిగా దాక్కుంది. అక్కర్లేని చోటల్లా భయపడ్డ మనిషి, భయపడాల్సిన చోట నవ్వాడు. ఆయనకి తన పని అంత బాగా తెలుసు మరి.

నాలుగో రోజు పాప పాలు సరిగా తాగలేదు. రెండు గుక్కలు తాగడం, నిద్రలోకి జారిపోవడం. చెవి తమ్మె నిమిరినా, అరికాలు గిల్లినా కళ్లు తెరవడం లేదు. ముందు రోజు ఏడు గుడ్డలు తడిపిన పిల్ల ఆ రోజు మూడే తడిపింది. "నిద్దరమొహంది" అంది అత్తగారు, కానీ ఆ మాట అన్నాక ఆవిడ కూడా పాపని ఒకటికి రెండుసార్లు చూసుకుంది. రంగులాయనకి మళ్లీ గుబులు పట్టుకుంది. చలి చేసిందేమోనని తెరిచి ఉన్న ఆ ఒక్క కిటికీ కూడా మూసేశాడు. ఇంకో దుప్పటి తెచ్చాడు. పుస్తకం తీసి, పాలు పట్టినప్పుడల్లా గంటా నిమిషాలూ రాయడం మొదలుపెట్టాడు. రాసినవి చూసుకుంటే భయం ఇంకా పెరిగింది.

"ఒకసారి చూపిద్దామా?" అంది భార్య.

"ఆసుపత్రిలో వందమంది రోగులుంటారు. ఇంత పసిగుడ్డుని అక్కడికి తీసుకెళితే ఉన్నవి చాలక ఇంకేదో అంటుకుంటుంది. రేపటికి చూద్దాం."

"నాకెందుకో ఇంకా పసుపుగానే కనిపిస్తోందండీ."

"మళ్లీ మొదలెట్టావా. ఆ గోడలు చూడు."

ఆమె గోడల వంక చూడలేదు. పాపనే చూస్తూ కూర్చుంది.

అయిదో రోజు పొద్దున తొమ్మిదింటికి టీచరమ్మ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పక్క వీధిలో ఒంటరిగా ఉండే రిటైరైన టీచరు ఆవిడ. పాప పుట్టడానికి ముందు రోజే రంగులాయన ఆవిడింటి ముందు గదికి రంగు వేసి వచ్చాడు. తను ఎంచుకున్నది నీలమైతే గోడ మీద ఆకుపచ్చ తేలుతోందని ఆవిడ గొడవ. ఇల్లు కదలడం ఇష్టం లేకపోయినా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తానని చెప్పి వెళ్లాడు.

టీచరమ్మ రంగుల నమూనాలున్న షేడు కార్డు గోడకి ఆనించి పట్టుకుని నిలబడి ఉంది. "చూడు నాయనా, నువ్వే చూడు. ఇదీ అదీ ఒకటేనా?"

ఇలాంటి తగాదాలు రంగులాయనకి కొత్త కాదు. ఇరవై ఏళ్లలో ఎన్ని ఇళ్లలో చెప్పాడో, అదే పాఠం అప్పజెప్పాడు. "గదిలో రంగు చూసి ఎప్పుడూ నమ్మకూడదమ్మా. మీ సోఫా రంగు, తెర రంగు, అన్నీ దాని మీద పడతాయి. అది నిజంగా ఏ రంగో తెలియాలంటే గుమ్మం దాటించి, ఎండలో పెట్టి..."

అక్కడ ఆగిపోయాడు.

టీచరమ్మ ఇంకా వింటూనే ఉంది. "ఎండలో పెట్టి?" అని అందించింది కూడా. ఆయన కార్డు ఆవిడ చేతిలోనే వదిలేసి, చెప్పులు గుమ్మంలోనే వదిలేసి, వీధిలోకి పరిగెత్తాడు. పెద్దమనిషి ఉత్తకాళ్లతో అలా పరిగెత్తుతుంటే దుకాణాలవాళ్లు బయటికొచ్చి చూశారు. ఆయనకి ఎవరూ కనిపించలేదు. మూడు రోజుల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి పాపని గుమ్మం దాటించి ఉంటే అన్న మాట తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

ఇంట్లోకి వస్తూనే తిన్నగా గదిలోకి వెళ్లి, పాపని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. సబ్బూ లేదు, నీళ్లూ లేవు. చేతులు గరుకన్న సంగతి గుర్తుకే రాలేదు. కన్న కూతుర్ని ఆయన ఎత్తుకోవడం అదే మొదలు. వంటగదిలోంచి అత్తగారు "గాలి తగులుతుంది బాబూ" అంటూ వెనకే వచ్చింది. ఆయన వినిపించుకోకుండా వీధిగుమ్మం దాటి మెట్ల మీద, ఎండ పడే చోట కూర్చుని, గుడ్డ విప్పాడు.

మొహం పసుపు. మెడ పసుపు. రొమ్ము, పొట్ట, తొడలు, చిన్న చిన్న అరికాళ్లు కూడా పసుపు. ఇక్కడ పసుపు గోడ లేదు. ఎదురుగా ఉన్నది సున్నం వేసిన తెల్ల ప్రహరీ. వేలితో రొమ్ము మీద మెల్లగా నొక్కి తీస్తే, నొక్కిన చోట తెల్లబడాల్సిన చర్మం పసుపుగానే ఉంది. రెప్ప పైకెత్తి చూశాడు. కంటి తెల్లగుడ్డు తెల్లగా లేదు. ఆ రంగు ఆయనకి బాగా తెలుసు. షేడు కార్డులో ఎన్నో పేజీలో ఉంటుందో, దాని కింద ఏ అంకె ఉంటుందో కూడా తెలుసు. ఆ అంకె నాలుక చివరకి వచ్చేసరికి ఒళ్లు జలదరించింది. ఇంత ఎండ మొహాన పడుతున్నా పాప కళ్లు చిట్లించలేదు. కాళ్లూ చేతులూ తోటకూర కాడల్లా వేలాడుతున్నాయి.

భార్య గోడ పట్టుకుని నడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. చూసింది. లోపలికి వెళ్లి ఆసుపత్రి కాగితాలు తెచ్చింది.

ఆటోలో పాప ఆయన ఒళ్లోనే ఉంది. దారి పొడుగునా అరచెయ్యి తిరగేసి ముక్కు దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. 

పిల్లల డాక్టరమ్మ పాపని చూస్తూనే కుర్చీలోంచి లేచింది. డాక్టర్లు అంత తొందరగా లేవడం మంచిది కాదని అందరికీ తెలుసు. మడమ దగ్గర సూదితో గుచ్చి రక్తం తీశారు. పాప ఏడవలేదు. కాలు కొంచెం వెనక్కి లాక్కుంది, అంతే. ఏడవనందుకు ఆయనకి ఎక్కువ భయం వేసింది.

"కామెర్లు. రక్తంలో పసుపు ఇరవై మూడుంది" అంది డాక్టరమ్మ కాగితం చూసి. "పుట్టిన పిల్లల్లో చాలామందికి వస్తాయి, చాలామందికి వాటంతటవే పోతాయి. ఇంత ఎక్కనివ్వకూడదు. ఇరవై అయిదు దాటితే ఒంట్లో రక్తం మార్చాల్సి వస్తుంది. మెదడుకి పాకితే వినికిడి పోవచ్చు, ఇంకా ఏమైనా కావచ్చు. ఎప్పట్నుంచి ఉంది ఈ పసుపు?"

"నిన్నో మొన్నో అండీ. సరిగ్గా చూసుకోలేదు" అంది భార్య తల వంచుకుని.

రంగులాయన ఆమె వంక చూశాడు. తనని కాపాడుతోంది. ఈ స్థితిలో, కుట్లు సలుపుతుంటే నిలబడలేక బల్ల పట్టుకుని, తనని కాపాడుతోంది.

"రెండు రోజులైందండీ" అన్నాడు. "మొన్న పొద్దునే తను చూసి చెప్పింది. నిన్న మళ్లీ చెప్పింది. నేనే కాదన్నాను. గోడ రంగు పడుతోందన్నాను."

డాక్టరమ్మ రాసుకుంది. తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననిపించింది. ఆవిడ మాత్రం, "పాలు ఎన్నిసార్లు తాగిందో చెప్పగలరా?" అంది. ఆయన జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. గంటలూ నిమిషాలూ అన్నీ ఉన్నాయి. ఆవిడ చివరిదాకా చదివి తిరిగి ఇచ్చేసింది.

పాపని అద్దాల పెట్టెలో, నీలం దీపాల కింద పడుకోబెట్టారు. కళ్లకి గంతలు కట్టారు. చిన్న లంగోటీ తప్ప ఒంటి మీద గుడ్డ లేదు. చలి తగలనివ్వకూడదని రెండేసి దుప్పట్లు కప్పిన పిల్ల. లోపల వెచ్చగానే ఉంటుందని నర్సు చెప్పినా ఆయనకి చలి పుట్టింది. భార్య పాలు పిండి ఇస్తే నర్సు గంటన్నరకోసారి చెంచాతో పట్టింది. సగం పెదవుల పక్కనుంచి కారిపోయేవి.

ఆయన వరండా బల్ల మీద కూర్చున్నాడు. వినికిడి పోవచ్చన్న మాట చెవుల్లో గింగురుమంటోంది. పాపకింకా పేరు పెట్టలేదు. ఎప్పుడో పెట్టి, వెనకనుంచి పిలిస్తే అది తిరిగి చూడకపోతే? గట్టిగా పిలిచినా చూడకపోతే? అప్పుడు ఏం చెప్పుకోవాలి, ఎవరికి చెప్పుకోవాలి? మధ్యమధ్యలో ఆ తువాలు కళ్లముందుకొచ్చేది. ముగ్గురూ నవ్విన నవ్వు వినిపించేది.

అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది.

"నేనూ నవ్వాను బాబూ" అంది. "ముగ్గుర్ని పెంచాను. నేనైనా చూసుకోవద్దూ?"

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

సాయంత్రం మళ్లీ రక్తం తీశారు. ఇరవై మూడు. ఒక్క మెట్టు దిగలేదు. పెరగనందుకు సంతోషించమని డాక్టరమ్మ అంది కానీ ఆవిడ మొహంలో సంతోషం లేదు. పెట్టె కింద ఇంకో దీపం పెట్టించింది. రక్తం మార్చాల్సి వస్తే ఆలస్యం కాకూడదని ముందుగానే ఒక కాగితం తెప్పించి సంతకం చెయ్యమంది. గోడ మీద అంచుకి పట్టీ అంటించకుండానే పది అడుగుల గీత తిన్నగా లాగగల చెయ్యి అది. ఆ కాగితం మీద తన పేరు తను రాసుకోలేకపోయింది. మొదటి అక్షరం గీత దాటి పక్కకి పోయింది. నర్సు కాగితాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకుంటే, రెండోసారికి ఎలాగో అయ్యిందనిపించాడు.

వార్డులో భార్యకిచ్చిన మంచం దగ్గరికి వెళ్లాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

"నేను ఇంకోసారి గట్టిగా అడగాల్సింది" అంది ఇటు తిరక్కుండానే.

"నువ్వు అడిగావు. నా చెవులే పనిచెయ్యలేదు. పది సార్లు అడిగినా నేను గోడే చూపించేవాణ్ని."

ఆమె ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు. అంతకన్నా చెయ్యగలిగింది ఆ పూట ఇద్దరికీ ఏమీ లేదు.

తెల్లవారాక ఏడింటికి మూడోసారి రక్తం తీసుకెళ్లారు. కాగితం వచ్చేసరికి ఎనిమిదయింది. డాక్టరమ్మ వరండాలో నడుస్తూనే అది చదవడం చూసి, రంగులాయన లేచి నిలబడ్డాడు.

"పద్దెనిమిది" అందావిడ. "దిగుతోంది. ఇంకో రోజు దీపాల కిందే ఉంచుదాం. రక్తం మార్చక్కర్లేదనుకుంటున్నాను. వినికిడి పరీక్ష నెల నిండాక చేస్తాం. అప్పటిదాకా ఏమీ చెప్పలేను."

పోయిన ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం ఆ నెల దగ్గర ఆగిపోయింది.

నర్సు దీపాలు ఆర్పి, గంతలు విప్పి, పది నిమిషాలు పాలకి తీసుకోమని పాపని ఆయన చేతుల్లో పెట్టింది. ఈసారి ఆయన వెనక్కి అడుగు వెయ్యలేదు. భార్య మంచం పక్కన పెద్ద కిటికీ ఉంది, తెర లేదు, పొద్దుటి వెలుతురు తిన్నగా లోపలికి పడుతోంది. అక్కడ నిలబడి పాప మొహం చూశాడు. పసుపు తగ్గినట్టే ఉంది. బుగ్గల దగ్గర ఎరుపు తేలినట్టు కూడా ఉంది. కానీ తను చూడాలనుకున్నదే తన కళ్లు చూపిస్తాయని ఇప్పుడు ఆయనకి తెలుసు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఎటూ తేల్చుకోలేకపోయాడు.

"నాకు తెలీడం లేదు" అన్నాడు భార్యతో. "నువ్వు చూసి చెప్పు. రంగు ఎలా ఉంది?"

భార్య లేచి కూర్చుని, గుడ్డ పక్కన దారం పెట్టి చూసేటప్పుడు ఎంత నిదానంగా చూస్తుందో అంత నిదానంగా చూసింది. ఈలోగా పాప మూతి వంకర తిప్పింది. తల పక్కకి వాల్చి, ఆయన చొక్కా గుండీని నోటితో వెతుక్కుంది. అది దొరక్కపోయేసరికి మొహమంతా ముడిచి, ఉన్న బలమంతా కూడదీసుకుని కేరుమంది.

"రంగు సంగతి నాకూ తెలీదండీ" అంది భార్య చేతులు చాపుతూ. "దానికి ఆకలేస్తోంది. ఇటివ్వండి."